ఊఁ కొట్టని పదకొండు మంది

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేం కాదు అమ్మడూ. ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో ఒక బడి ఉండేది. ఆ బడికి ఒకే ఒక్క పంతులమ్మ. పేరు వరహాలమ్మ. మంచిదే పాపం. ఓర్పు కూడా ఉంది. కానీ ఆ ఓర్పు పొయ్యిమీద పాలలాంటిది. గిన్నె అంచుదాకా బుద్ధిగానే ఉంటుంది, ఆ పైన ఎవరి మాటా వినదు.

ఆ ఊరి చివర ఒక ఇటుకల బట్టీ ఉండేది. ఏటేటా దీపావళి వెళ్ళగానే కొండల అవతల ఒడియా ఊళ్ళ నుంచి కూలీలు వచ్చేవారు. బట్టీ పక్కనే పాకలు వేసుకునేవారు. మట్టి తొక్కేవారు, అచ్చులు పోసేవారు. వానలు మొదలయ్యే వేళకి మూటలు కట్టుకుని వెళ్ళిపోయేవారు.

వాళ్ళ వెంట పిల్లలూ వచ్చేవారు. పచ్చి ఇటుకలు ఎండలో పరిచి, ఒక పక్క ఆరాక రెండో పక్కకి తిప్పాలి కదా. పెద్దవాళ్ళ బరువు చేతులు పడితే ఇటుక చిట్లిపోతుంది. పిల్లల చేతులు తేలిక. అందుకని ఆ పని పిల్లల చేత చేయించేవాడు బట్టీ మేస్త్రీ పోలినాయుడు.

ఆ ఏడు వరహాలమ్మ అది చూసింది. చూసి ఊరుకోలేదు. గొడుగు చంకన పెట్టుకుని బట్టీకి నడిచింది.

"ఏం పోలినాయుడూ, వీళ్ళది బడికెళ్ళే ఈడు కాదా?" అంది.

"వాళ్ళకి మన మాటే రాదు పంతులమ్మగారూ. బడికొచ్చి ఏం జేస్తారు, గోడలు జూస్తారా?"

"గోడలే చూడనీ. నీడన కూర్చుని చూస్తారు."

ఇటుకలు పోస్తున్న ఒక తల్లి ఈ మాట విని, మట్టిచేతులు అలాగే పెట్టి పంతులమ్మకి దండం పెట్టింది. మేస్త్రీ అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పుడు ఒక గడువు పెట్టాడు.

"సరే, శివరాత్రి దాకా ఉంచుకోండి. అప్పటికి నలుగురి ముందర నిలబడి మన మాటలో నాలుగు ముక్కలు మాట్లాడారా, మీ పిల్లలు. లేదా, నా ఇటుకల దగ్గరికే వస్తారు."

"అలాగే" అంది వరహాలమ్మ. మూడు నెలలుంది, ఎంత పనిలే అనుకుంది పాపం.

ఆ మర్నాడు పదకొండు మంది బడికి వచ్చారు. వాళ్ళలో పెద్దది సుకాంతి. పదేళ్ళ పిల్ల. చంకలో నాలుగేళ్ళ చెల్లెలు ఝిల్లి. వెనక వరసలో గోడకి ఆనుకుని పదకొండు మందీ కూర్చున్నారు. పంతులమ్మ ఏం అడిగినా అందరూ సుకాంతి వైపు చూసేవారు. సుకాంతి పెదవులు బిగించేది. పదకొండు నోళ్ళూ మూతపడేవి. పలక మీద రాయమంటే రాసేవారు. గీయమంటే గీసేవారు. మాట మాత్రం లేదు.

ఆ బడిలో ఇనప్పెట్టెలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. తాతలనాటిది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పేరున్న పేజీ కూడా పోయింది. సగం పద్యాలు, సగం మామూలు మాటలు. రోజూ చివరి గంటలో పంతులమ్మ ఆ పుస్తకం తీసి కథ చదివేది. పద్యం వస్తే రాగం తీసేది. రాగం బాగుండదు కానీ, ఆవిడకి ఎవరు చెబుతారు?

కథ చదివేటప్పుడు ఆ బడిలో ఒక కట్టుబాటు. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. బండి చక్రానికి కందెన ఎలాగో, కథకి ఊఁ అలాగ. ఊఁ వినబడకపోతే వరహాలమ్మ నోరు కదలదు. వాళ్ళమ్మ దగ్గర ఆవిడ అలాగే నేర్చుకుంది, ఆవిడ దగ్గర ఊరంతా అలాగే నేర్చుకుంది.

సంక్రాంతి దాటాక ఒక కొత్త కథ మొదలుపెట్టింది. రాజు లేని రాజ్యం కథ. కొత్త రాజుని ఎంచడానికి పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి వదిలారు. అది ఎవరి మెడలో వేస్తే వాళ్ళకే రాజ్యం. ఏనుగు కోట దాటింది. అంగడి వీధి దాటింది. ఊరి పొలిమేరకి వచ్చింది. అక్కడ ఎవరినో చూసి టక్కున ఆగింది. ముందుకాలు ఒకటి పైకెత్తింది.

"ఊఁ" అన్నారు ఊరి పిల్లలు.

వెనక వరస చప్పుడు లేదు.

అప్పుడు వరహాలమ్మకి ఒక ఆలోచన వచ్చింది. నాలుగు ముక్కలు తర్వాత సంగతి, ముందు ఒక్క ఊఁ అనిపిస్తే నోటి తాళం ఊడుతుంది కదా అనుకుంది. "ఇవాళ్టి నుంచి అందరూ ఊఁ కొడితేనే కథ. ఒక్క నోరు తగ్గినా ఏనుగు కదలదు" అని చెప్పి పుస్తకం మూసేసింది.

మర్నాడు డబ్బా నిండా వేరుశెనగ ఉండలు చేసి తెచ్చింది. ఊఁ అన్నవాళ్ళకి ఒక ఉండ అంది. ఇక చూడు, ఊరి పిల్లలు పావురాల్లాగ ఊఁ ఊఁ ఊఁ అని మొదలుపెట్టారు. ముందు బెంచీలో తవుడు అని ఒక పిడుగు ఉండేవాడు. వాడు ఏనుగు పేరెత్తకముందే ఆరుసార్లు ఊఁ అని ఆరు ఉండలు మింగాడు. డబ్బా ఖాళీ అయింది. వెనక వరసలో పదకొండు మందీ గుటకలు మింగారు కానీ నోరు విప్పలేదు. ఝిల్లి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఖాళీ డబ్బా వైపు చూసింది.

"ఒక్క ఊఁ అనవే తల్లీ! అదేమన్నా కాయకష్టమా?" అని పంతులమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత, మాట అర్థం కావడం లేదేమో అనుకుంది. గాజులమ్మే గవరయ్యని పిలిపించింది. ఆయన కొండల అవతలి సంతలు తిరిగిన మనిషి, వాళ్ళ మాట వచ్చు. పంతులమ్మ కథ మొదటి నుంచీ ఒక్కో ముక్క చదువుతుంది, ఆయన దాన్ని వాళ్ళ మాటలో చెబుతాడు. అదీ ఏర్పాటు. కానీ గవరయ్య నోట్లో పడ్డాక ఏనుగు ఒక చోట నిలుస్తుందా? దానికి గజ్జెలొచ్చాయి. వీపు మీద పట్టు శాలువా వచ్చింది. చివరికి పుట్టింటికి పోతూ గవరయ్య దగ్గరే రెండు డజన్ల గాజులు కూడా కొనుక్కుంది.

సరే, అదలా ఉండనీ. అసలు సంగతి ఏమిటంటే, ఏనుగు వెనక పరిగెడుతున్న మంత్రి పంచె ముళ్ళకంపకి తగులుకుంది అని పంతులమ్మ తెలుగులో చదివిందా, గవరయ్య ఇంకా నోరు తెరవనే లేదు, వెనక వరస కిసుక్కుమంది!

పంతులమ్మ పుస్తకం లోంచి తలెత్తింది. "అంటే మీకు అర్థమవుతోంది" అంది.

పదకొండు మందీ తలలు దించారు.

"అంతా అర్థమవుతోంది! మూడు నెలల నుంచీ అర్థమవుతోంది! నేనేమో బొమ్మలు గీసి, చేతులు తిప్పి, గవరయ్య కాళ్ళు పట్టుకుని... ఓసి మీ మౌనవ్రతాలు బంగారం గానూ! ఊఁ అంటే మీ సొమ్మేం పోయిందే?"

సుకాంతి పెదవులు ఇంకా గట్టిగా బిగించింది.

అప్పుడు పాలు పొంగాయి. "సరే. మీరు మొండైతే నేను జగమొండి. పదకొండు ఊఁలు వినబడేదాకా నేను పేజీ తిప్పను" అంది వరహాలమ్మ.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. ఏనుగు కాలెత్తుకుని పొలిమేరలో అలాగే నిలబడి ఉంది. ఊరి పిల్లలు ఇంటికెళ్ళి అన్నం తినకుండా గునిశారు. పిల్లల గునుపు తల్లులకి ఎక్కింది. నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు "ఏమ్మా, మీ ఏనుగు కాలు దించిందా?" అని పంతులమ్మని ఆపి అడిగారు. మంచంలో ఉన్న ముసలి నారాయుడు తాత అయితే "నేను పోయేలోగా దించెయ్ తల్లీ, ఆ జీవం ఉసురు మనకెందుకు" అని కబురు పెట్టాడు. తవుడు ఒక మధ్యాహ్నం వెనక వరసకి వెళ్ళి సుకాంతి ముందు చేతులు జోడించాడు. "నీకు దణ్ణం పెడతానే, ఒక్క ఊఁ" అన్నాడు. సుకాంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అనలేదు.

వరహాలమ్మకి తిక్క పట్టినంత పనయింది. ఈ పిల్ల కావాలని చేస్తోందా? బడి ఇష్టం లేదా? ఇష్టం లేకపోతే పొద్దున్నే అందరికంటే ముందొచ్చి గుమ్మం ముందు ఎందుకు కూర్చుంటుంది?

శివరాత్రి ముందురోజు చివరి గంటకి బడి ముందు ట్రాక్టరు ఆగింది. పోలినాయుడు దిగాడు. తలపాగా సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ట్రాక్టరు చప్పుడికి ఊళ్ళో ఆడవాళ్ళూ మగవాళ్ళూ పోగై కిటికీల దగ్గర చేరారు.

"గడువైపోయింది పంతులమ్మగారూ. ఎవరైనా మాట్లాడారా?"

వరహాలమ్మ పదకొండు మొహాల వైపు చూసింది. కోపం కోపమే. కానీ ఏనుగు కాలెత్తిన చోటే కథ వదిలేసి ఈ పిల్లలు ఇటుకల్లోకి పోతే? దానికి మాత్రం ఆవిడ ప్రాణం ఒప్పుకోలేదు. "ఒక్క పావుగంట ఆగు నాయుడూ" అంది. పుస్తకం తెరిచింది. తన కట్టుబాటు తనే తెంచుకుని, ఎవరి ఊఁ కోసమూ చూడకుండా చదివింది.

"అప్పుడు ఏనుగు కాలు దించింది..."

బడి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. కిటికీ దగ్గర ఎవరో "హమ్మయ్య" అన్నారు కూడా.

"...ఎదురుగా మారువేషంలో ఒక రాజకుమారుడు నిద్రపోతున్నాడు. ఏనుగు మెల్లగా వంగి, అతని మెడలో దండ వేసింది."

"ఊఁ" అంది ఒక సన్నటి గొంతు.

ఝిల్లి! పాపం, అదేం చేస్తుంది, తొమ్మిది రోజులు ఆపుకుంది. సుకాంతి గభాల్న చెల్లెలి నోరు మూసింది. ఝిల్లి ఆ చెయ్యి తోసేసి ఘొల్లుమంది. "నాకు కథ రాదూ... నాకు కథ రాదూ..." అని తెలుగులోనే ఏడ్చింది.

పంతులమ్మ తెల్లబోయింది. "నిన్ను కథ చెప్పమన్నదెవరే తల్లీ?"

అప్పుడు సుకాంతి లేచింది. నడుం మీద చెయ్యి పెట్టింది. దాని ఓర్పు కూడా ఆ రోజుతో సరి.

"అందరూ చెప్పమంటున్నారు! రోజూ ఊఁ అను, ఊఁ అను, ఊఁ అను! ఊఁ ఊరికే అంటారా? మా ఆయి ఇంట్లో..." ఆయి అంటే వాళ్ళకి అమ్మమ్మ. "మా ఆయి ఇంట్లో ఊఁ అన్నోళ్ళు మళ్ళీ కథ చెప్పాలి. కథకి కథ. చెప్పకపోతే తిని చెయ్యి కడుక్కోకుండా పోయినట్టు. మాకు మీ మాటలో కథ చెప్పడం రాదు. చెప్పలేనోళ్ళం ఊఁ ఎలా అంటాం? మాటొచ్చని తెలిస్తే కథ చెప్పమంటారని, ఏదడిగినా నోరు మూసుకున్నాం. మీకు ఈ మాత్రం తెలీదా?"

వరహాలమ్మ కుర్చీలో కూలబడింది. పిల్లలు మర్యాదకి నోరు మూసుకుంటే తను పొగరనుకుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎందుకని అడగలేదు. అనమనడమే కానీ అడగలేదు. అన్నాళ్ళూ పిల్లల మీద వచ్చిన విసుగంతా వెనక్కి తిరిగి ఆవిడ మీదే పడింది.

మేస్త్రీ మాత్రం తేలిగ్గా నవ్వాడు. "అది అరిచింది, అంతే. అరుపు మాటవుతాదా? చెల్లెలి బదులు అక్కని కథ చెప్పమనండి. చెబితే దాన్ని ఉంచుకోండి. తక్కినోళ్ళు మాత్రం ట్రాక్టరెక్కుతారు."

సుకాంతి మిగిలినవాళ్ళ వైపు చూసింది. ఆ తర్వాత నడుచుకుంటూ ముందుకొచ్చి నల్లబల్ల దగ్గర నిలబడింది. పావడా రెండు గుప్పిళ్ళలో గట్టిగా పట్టుకుంది. పంతులమ్మ చూసింది. చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండడం ఆ రోజే నేర్చుకుంది.

"మీ పుస్తకంలో ఏనుగు తప్పు చేసింది" అని మొదలుపెట్టింది సుకాంతి.

తాతలనాటి పుస్తకాన్ని పట్టుకుని ఆ మాట! వరహాలమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

"ఈ ఏనుగు కథ మా ఆయికి కూడా తెలుసు. ఏనుగు ఆ నిద్రపోయేవాడి దగ్గర ఆగలేదు. పగలు నిద్రపోయేవాడు రాజ్యం ఏం చేస్తాడు? దాటి పోయింది. అక్కడ ఒక ముసలమ్మ... అదీ... నల్లగా ఉంటాది, కొమ్ములుంటాయి, నీళ్ళలో కూర్చుంటే ఎంత పిలిచినా లేవదు..."

"మా బాబాయి!" అని అరిచాడు తవుడు.

"గేదెరా వెధవా!" అన్నారు కిటికీ దగ్గరివాళ్ళు. బడంతా నవ్వు. సుకాంతికి కూడా నవ్వొచ్చింది. గుప్పిళ్ళలో పావడా వదిలేసింది.

"ఆఁ, గేదె. ముసలమ్మ గేదెని తోముతోంది. ఏనుగు ఆమె మెడలో పూలు వేసింది. ముసలమ్మకి చిరాకొచ్చింది. పో పక్కకి, నా గేదె బెదురుతోంది అని పూలు తీసి విసిరేసింది. ఏనుగు మళ్ళీ వేసింది. మళ్ళీ విసిరేసింది. మళ్ళీ వేసింది."

"ఊఁ" అంది గుమ్మం లోంచి ఒక గొంతు.

"అప్పుడు రాజు పక్కన నిలబడి తల ఊపేవాడు వచ్చాడు..."

"మంత్రి!" అన్నారు పిల్లలు.

"మంత్రి. అమ్మా నువ్వే రాణివి, పద అన్నాడు. నేనొస్తే నా గేదెని ఎవరు తోముతారు అంది. వెయ్యి మంది పనివాళ్ళున్నారు అన్నాడు. వెయ్యి మంది ఎందుకు, అడిగింది నువ్వు కదా, నువ్వు తోము అంది. మంత్రి పట్టుబట్టలు పైకి కట్టి నీళ్ళలోకి దిగాడు. గేదె తోకతో మొహం మీద కొట్టింది."

"ఊఁ!" మళ్ళీ అదే గొంతు. ఈసారి లోపలికి రెండడుగులు కూడా వేసింది.

"రోజూ మంత్రి గేదెని తోమాడు. ముసలమ్మ రాజ్యం చేసింది. ఒకరోజు మంత్రి అడిగాడు. అమ్మా, అంత మందిని వదిలి ఏనుగు నీ దగ్గరికే ఎందుకొచ్చింది?"

సుకాంతి ఆగింది. మాటలు వెతుక్కుంటోంది.

"ఊఁ, తర్వాత? ఎందుకొచ్చిందంట?" అన్నాడు పోలినాయుడు తొందరపడిపోతూ.

"ముసలమ్మ చెప్పింది. ఆ ముందురోజు అది నా గుమ్మంలో నిలబడి ఏదో అడిగింది. దాని మాట నాకు రాదు. దప్పిక మాత్రం తెలుసు. కుండ వంచాను. అంతే."

కిటికీ దగ్గర ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆవిడ బట్టీ పాకల పక్కింటావిడ. మూడు నెలల్లో ఒక్కనాడూ అటు తొంగి చూసింది లేదు.

సుకాంతి చెయ్యి చాపి మేస్త్రీని చూపించింది. "నా కథ అయిపోయింది. ఇప్పుడు ఊఁ అన్నోళ్ళు చెప్పాలి."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు పోలినాయుడు ఉలిక్కిపడి.

"మూడుసార్లన్నావు మావా. నేను విన్నాను" అన్నాడు తవుడు.

"ఆయి ఇంట్లో, బదులు కథ వచ్చేదాకా వినేవాళ్ళు లేవకూడదు" అంటూ సుకాంతి వెళ్ళి వెనక గోడ దగ్గర చెల్లెలి పక్కన కూర్చుంది. పది మందీ నేలకి అతుక్కున్నట్టు కూర్చున్నారు. కిటికీల దగ్గరి జనం కూడా "చెప్పు నాయుడూ, చెప్పు" అని అందుకున్నారు. ఊరంతటి ముందు కాదంటే పరువేం కాను?

మేస్త్రీ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అనగనగా ఒక రాజు..." అన్నాడు.

"ఊఁ!"

అమ్మడూ, ఆ ఊఁ ముందు బెంచీల నుంచి రాలేదు. వెనక గోడ దగ్గర నుంచి వచ్చింది. పదకొండు గొంతులు. వరహాలమ్మ మొహం పక్కకి తిప్పుకుని, ఏమీ లేని నల్లబల్లని కాసేపు తుడిచింది.

"ఆ రాజుకి... ఆ రాజుకి ఏడుగురు కొడుకులు..." అని మేస్త్రీ ఆగిపోయాడు. ఇటుకలు తప్ప ఏమీ తెలియని మనిషి. చెమట పట్టింది. "మిగతాది ఎల్లుండి చెబుతాను" అని ఖాళీ ట్రాక్టరుతో వెళ్ళిపోయాడు.

ఎల్లుండి వచ్చాడు. అవతలెల్లుండి కూడా వచ్చాడు. ఏడుగురు కొడుకులు వేటకి వెళ్ళారు కానీ తిరిగి రావడం ఎలాగో ఆయనకి తోచలేదు. ఈ లోపల ఊఁ అన్నందుకు బట్టీ పిల్లలు పది మందీ తలా ఒక కథ చెప్పేశారు. ఝిల్లి కథ మరీ చిన్నది. "కోడి. గుడ్డు. అయిపోయింది." అయినా నలుగురి ముందే నిలబడి చెప్పింది, మాట మాటే. మేస్త్రీ తన నోటితో పెట్టిన షరతు తన ముందే తీరిపోయింది. ఇటుకలు ఆయనా, ఆయన అల్లుడూ తిప్పుకున్నారు. సగం చిట్లాయి. చిట్లనీ.

పంతులమ్మ విసుగు తీరిందనుకుంటున్నావా? ఎక్కడ! ఇప్పుడు ఆ పదకొండు మంది నోళ్ళు మూయించడం ఎవరి తరమూ కాలేదు. ఆవిడ "రెండు మూళ్ళు ఆరు" అంటే "ఊఁ, తర్వాత?" అనేవారు. "ఎక్కాలకి ఊఁ కొడతారేమర్రా, నా ఖర్మ!" అని ఆవిడ బెత్తం బల్లమీద కొట్టుకునేది.

ఆ తర్వాత తొలకరి పడింది. బట్టీ ఆరింది. మూటలు కట్టుకుని పదకొండు మందీ బస్సు దగ్గరికి వచ్చారు. పంతులమ్మ గొడుగు వేసుకుని వచ్చింది.

సుకాంతి బస్సు మెట్టు మీద నిలబడి, "పంతులమ్మా, నా కథకి మీరు కూడా ఊఁ అన్నారు. నేను చూశాను. మెల్లగా అన్నారు. మీ కథ చెప్పలేదు" అంది.

"చెప్పను" అంది వరహాలమ్మ.

"చెప్పాలి! అది రూలు!"

"చెప్పను గాక చెప్పను. పుస్తకంలో లేనిది, మా అమ్మ చెప్పింది, ఎవరికీ చెప్పనిది ఒకటుంది. కావలిస్తే దీపావళి వెళ్ళగానే వచ్చి, సరాసరి బడికే వచ్చి, ముందు బెంచీలో కూర్చుని వినండి."

"అయ్యో, అప్పటిదాకానా!" అని సుకాంతి నెత్తి కొట్టుకుంది. అచ్చం పంతులమ్మ కొట్టుకున్నట్టే కొట్టుకుంది. బస్సు కదిలింది.

దీపావళి వెళ్ళింది. ఆ మర్నాడే మూటలింకా విప్పకుండానే పదకొండు మంది బడి గుమ్మంలో ఉన్నారు. పన్నెండో మనిషి కూడా ఉంది. కర్ర పట్టుకుని, నోట్లో పళ్ళు లేని ఒక ముసలావిడ. పంతులమ్మ బాకీ పెట్టిన కథేదో తేల్చుకుపోదామని, కొండ దిగి మరీ వచ్చిన ఆయి.

కథ నడిచింది కంచికి,
కునుకు దిగింది కంటికి,
దుప్పటి లాగు గడ్డానికి,
మనమూ చేరాం ఇంటికి.